మిద్దె మీది గడియారం

చింతామణిలో మా వీధి చివర ఒక అంగడి ఉంది. కొన్నేళ్ళ కిందట ఒక సాయంత్రం ఆ అంగడి గల్లాపెట్టెలో డబ్బు తగ్గింది. 6 గంటల 40 నిమిషాలకు లెక్క చూసినప్పుడు సరిగ్గా ఉందట, 7 గంటలకు లేదట. అనుమానం పని చేసే పిల్లవాడి మీదికి పోయింది. వాడిది బాగేపల్లి వైపు ఒక పల్లె. అప్పటికే నేను బస్సెక్కేశానని వాడు మొత్తుకున్నాడు. ఎదురింటి కెమెరా తిప్పి చూస్తే, 6 గంటల 46 నిమిషాలకు వాడు అంగడి ముందు నుంచి నడిచిపోతూ కనిపించాడు. ఇంకేముంది, వీడు అబద్ధమాడాడన్నారు. వాడు జేబులోంచి బస్సు టికెట్టు తీసి చూపించాడు. దాని మీద 6 గంటల 37 నిమిషాలని ఉంది. టికెట్టు మిషను తప్పని కొందరు, కెమెరాకు తప్పేముందని కొందరు వాదించారు.

నాకు కంప్యూటర్ల పని కాస్త తెలుసు కాబట్టి పిలిపించారు. నేను చేసిందేమీ లేదు. కెమెరా రికార్డరు తెర పక్కన నా మొబైలు ఫోను పెట్టి రెండు గడియారాలూ చూపించాను. రికార్డరు 11 నిమిషాలు ముందు పోతూ ఉంది. 6 గంటల 46లో నుంచి 11 తీసేస్తే 6 గంటల 35. అక్కడి నుంచి బస్టాండుకు రెండు నిమిషాల నడక. టికెట్టు సరిపోయింది. అందరూ సరేనన్నారు. కానీ ఆ పిల్లవాడు మరునాటి నుంచి పనికి రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఊళ్ళలో ఇప్పుడు ప్రతి అంగడికీ, ప్రతి మండీకీ కెమెరా ఉంది. పాల డైరీలో, బ్యాంకులో, పట్టుగూళ్ళ మార్కెట్టులో ప్రతి పనికీ కంప్యూటరు గంటా నిమిషమూ రాసి పెడుతోంది. ఆ గంటా నిమిషమూ ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. రికార్డరు కొన్నవాడు మొదటి రోజు ఏదో ఒక చేతి గడియారం చూసి పెట్టి ఉంటాడు, అంతే. మన ఇంటి దాకా అయినా, మన వీధి దాకా అయినా, సందేహానికి తావు లేని సమయాన్ని తెచ్చుకోవచ్చా? తెచ్చుకోవచ్చు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల నుంచి నేరుగా మిద్దె మీదికి దించుకోవచ్చు. నేను ఆ పని చేశాను. చేసిన విధానమూ, చేసిన తప్పులూ ఈ ప్రసంగంలో చెబుతాను.

ముందు గడియారం ఎందుకు తప్పుతుందో చూద్దాం. కంప్యూటరులోనూ, కెమెరా రికార్డరులోనూ సమయాన్ని లెక్క పెట్టేది ఒక చిన్న క్వార్ట్జ్ పలుకు. అది సెకనుకు ఇన్ని సార్లని కంపిస్తుంది. ఆ కంపనం పది లక్షల్లో 20 వంతులు తేడా పడితే, వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. లెక్క వేయండి. రోజుకు ఒకటీ ముప్పావు సెకను. నెలకు దాదాపు 52 సెకన్లు. ఏడాదికి పదిన్నర నిమిషాలు. మా ఎదురింటి రికార్డరు పెట్టి ఏడాది దాటింది. ఆ 11 నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసింది కదా. పైగా ఆ పలుకు వేడికి ఒక రకంగా, చలికి ఒక రకంగా నడుస్తుంది. మన వైపు ఏప్రిల్ ఎండకూ డిసెంబరు మంచుకూ దాని నడక ఒకటి కాదు.

చిన్నప్పుడు మాకు ఈ బాధ లేదు. రేడియోలో వార్తలకు ముందు పిప్ పిప్ మని వినిపించే శబ్దానికి మా నాయన గోడ గడియారం ముల్లు తిప్పేవారు. అంతకు ముందు తరాలకు సూర్యుడే గడియారం. ఆ లెక్కలో ఊరికొక సమయం. చింతామణి చిక్కబళ్ళాపురానికి తూర్పున ఉంది కాబట్టి మిట్టమధ్యాహ్నం మాకు నిమిషం పైచిలుకు ముందే అవుతుంది. రైళ్ళు వచ్చాక ఊరికొక సమయం కుదరలేదు. మద్రాసు నక్షత్రశాలలో జాన్ గోల్డింగ్‌హామ్ అనే ఆయన 1802లో మద్రాసు రేఖాంశం లెక్క కట్టి, గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందని తేల్చారు. తరువాత రైళ్ళు ఆ మద్రాసు సమయం ప్రకారమే నడిచాయి. 1906 జనవరి 1 నుంచి దేశానికంతా ఒకే సమయం వచ్చింది. అది గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. అందుకే మన చిక్కబళ్ళాపురంలో సూర్యుడు సగటున 12 గంటల 19 నిమిషాలకు గాని నడినెత్తికి రాడు. ఇప్పుడు ఆ భారత ప్రామాణిక సమయాన్ని కాపాడే బాధ్యత ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. అక్కడ అణు గడియారాలున్నాయి.

ఢిల్లీ సమయాన్ని చింతామణికి తెచ్చుకోవడానికి ఇంటర్నెట్టు ఒక దారి. అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మిల్స్ దీనికొక పద్ధతి ఏర్పాటు చేశారు. 1985 నుంచి అది వాడుకలో ఉంది. దాన్ని ఎన్.టి.పి. అంటారు. ఆయన 2024 జనవరిలో కాలం చేశారు. ఆ పద్ధతి ఎలాంటిదో మన బస్సు లెక్కలో చెబుతాను. నేను చింతామణిలో బస్సు కండక్టరు చేతికి ఒక చీటీ ఇస్తాను. ఇచ్చిన సమయం నా గడియారం చూసి దాని మీద రాస్తాను. బాగేపల్లిలో నా మిత్రుడు చీటీ అందిన సమయమూ, తిరిగి పంపిన సమయమూ తన గడియారం చూసి రాస్తాడు. చీటీ నాకు చేరిన సమయం మళ్ళీ నేను రాసుకుంటాను. నాలుగు సమయాలు చేతికి వచ్చాయి. పోవడానికీ రావడానికీ ఒకటే వ్యవధి పట్టిందనుకుంటే, ఇద్దరి గడియారాలకు ఎంత తేడా ఉందో కూడికలు తీసివేతలతో తేలిపోతుంది.

చిక్కు అంతా ఆ 'అనుకుంటే' అన్న మాటలో ఉంది. పోయేటప్పుడు దారిలో సంత అడ్డం వచ్చి, వచ్చేటప్పుడు దారి ఖాళీగా ఉంటే లెక్క తప్పుతుంది. ఇంటర్నెట్టులోనూ అంతే. పోవడానికి 30 మిల్లీ సెకన్లు, రావడానికి 10 పడితే, నా గడియారం 10 మిల్లీ సెకన్లు తప్పుగా కుదురుతుంది. ఆ తప్పు నాకు తెలిసే మార్గమే లేదు. కెమెరాకు పది మిల్లీ సెకన్లు లెక్క కాదు, నిజమే. కానీ మా వీధిలో రోడ్డు తవ్విన ప్రతిసారీ తీగ తెగుతుంది. తెగితే రెండు మూడు రోజులు ఇంటర్నెట్టు ఉండదు. అన్ని రోజులూ గడియారాలు తమ ఇష్టం వచ్చినట్టు నడుస్తాయి. నాకు ఆకాశం వైపు చూడాలనిపించింది అందుకే.

జీపీఎస్ అంటే దారి చూపేదని అందరికీ తెలుసు. నిజానికి ఆ ఉపగ్రహాలు దారి చెప్పవు, సమయం మాత్రమే చెబుతాయి. ఒక్కొక్కదానిలో అణు గడియారాలుంటాయి. "నేను ఫలానా చోట ఉన్నాను, నా గడియారంలో ఇప్పుడు ఇంత" అని అవి నిరంతరం చెబుతూనే ఉంటాయి. అవి ఉండేది 20,200 కిలోమీటర్ల ఎత్తున. ఆ మాట వెలుతురు వేగంతో వచ్చినా మన మిద్దె చేరడానికి 67 నుంచి 86 మిల్లీ సెకన్ల దాకా పడుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో దాన్నిబట్టి దూరం తెలుస్తుంది. మనం ఎక్కడున్నామో తెలియడానికి మూడు లెక్కలు, మన గడియారం ఎంత తప్పో తెలియడానికి ఒక లెక్క, మొత్తం నాలుగు. కాబట్టి నాలుగు ఉపగ్రహాలు కనిపించాలి. అయితే ఇల్లు కదలదు కదా! ఇల్లు ఎక్కడుందో ఒకసారి గట్టిగా తెలుసుకుంటే, ఆ తరువాత సమయానికి ఒక్క ఉపగ్రహం కనిపించినా చాలు. సమయం కోసమే తయారుచేసిన రిసీవర్లలో ఈ సదుపాయం ఉంటుంది.

ఇంకో విశేషం చెప్పకుండా ఉండలేను. ఐన్‌స్టీన్ సిద్ధాంతం మనకు పనికిరాదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ ఎత్తులో, ఆ వేగంలో ఉన్న గడియారం నేల మీది గడియారం కంటే రోజుకు 38 మైక్రో సెకన్లు ముందుకు పోతుంది. అందుకని దాన్ని పంపేటప్పుడే ఆ మేరకు నెమ్మదిగా నడిచేట్టు దిద్ది పంపుతారు. దిద్దకపోతే ఒక్క రోజుకే దూరం లెక్కలో 11 కిలోమీటర్లు తేడా వస్తుంది.

మన దేశానికి సొంతంగా నావిక్ వ్యవస్థ ఉంది. మొదటి ఉపగ్రహాన్ని 2013 జులై 1న పంపారు. దానికి సంబంధించిన కేంద్రం మనకు దూరమేమీ కాదు, బెంగళూరు దగ్గర బ్యాలాళులో ఉంది. ఆ ఉపగ్రహాలు ఎప్పుడూ మన ఆకాశంలోనే తిరుగుతుంటాయి. కానీ వాటిలో కొన్నింటి గడియారాలు చెడిపోయాయి. 2023 మేలో పంపిన ఉపగ్రహంలో మన దేశంలోనే చేసిన రుబీడియం గడియారం పెట్టారు. 2025 జనవరిలో పంపినది అనుకున్న కక్ష్యకు చేరలేదు. అందువల్ల నావిక్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, జీపీఎస్‌తో పాటు దాన్నీ వినగలిగే రిసీవరు ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం.

సెకనులో వెయ్యో వంతు, లక్షో వంతు అంటూ ఉంటే, ఇదంతా పెద్ద పట్నాల సంగతి అని కొందరికి అనిపించవచ్చు. మన జిల్లాకు ఇది కొత్త కాదు. గౌరీబిదనూరులో భూకంపాలనూ, భూగర్భంలో జరిగే అణు పరీక్షలనూ పసిగట్టే యంత్రాల వరుసను భాభా అణు పరిశోధన కేంద్రం 1965 ప్రాంతంలో ఏర్పాటు చేసింది. యంత్రాలు కిలోమీటర్ల దూరం దాకా పరుచుకుని ఉంటాయి. రాతిలో అల సెకనుకు ఆరేడు కిలోమీటర్లు పరుగెత్తుతుంది. ముందు ఏ యంత్రాన్ని తాకింది, తరువాత ఏ యంత్రాన్ని తాకింది అన్న తేడానుబట్టే అది ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తుంది. గడియారం తప్పితే దిక్కే తప్పుతుంది. అదే గౌరీబిదనూరులో 1976లో రేడియో దూరదర్శిని కూడా వచ్చింది. కాబట్టి సమయం విలువ మన రాళ్ళకూ గుట్టలకూ అరవై ఏళ్ళుగా తెలుసు.

ఇక పని సంగతి. నాకు కావలసినవి మూడే. ఒక ఉపగ్రహ రిసీవరు, దానికి యాంటెన్నా, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు. రాస్ప్‌బెర్రీ పై అని బెంగళూరులో ఎస్.పి. రోడ్డులో అడిగితే ఇస్తారు. రిసీవరు కొనేటప్పుడు ఒక్కటి చూసుకోవాలి. సెకనుకొకసారి ఒక విద్యుత్ తట్టు ఇచ్చే కాలు దానికి బయటికి ఉండాలి. పీ.పీ.ఎస్. అంటారు. అది లేని రిసీవరు చవకగా వచ్చినా తీసుకోవద్దు.

ఎందుకో చెబుతాను. రిసీవరు రెండు రకాలుగా మాట్లాడుతుంది. ఒకటి అక్షరాల్లో, ఇన్ని గంటలు, ఇన్ని నిమిషాలు, ఇన్ని సెకన్లు అని వాక్యంగా పంపుతుంది. ఆ వాక్యం నెమ్మదిగా వస్తుంది. ఒక్కొక్కసారి సగం సెకను ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం కూడా నిలకడగా ఉండదు. రెండోది తట్టు. అది సెకను మొదలయ్యే క్షణంలో, సెకనులో కోటి వంతుకు అటూ ఇటూగా పడుతుంది, కానీ అది ఏ సెకనో చెప్పదు. గుడిలో గంట కొట్టేవాడు ఒకడు, ఎన్ని గంటలైందో చెప్పేవాడు ఇంకొకడు అనుకోండి. గంట సరిగ్గా మోగుతుంది, చెప్పేవాడు కాస్త నత్తి మనిషి. ఇద్దరూ కలిస్తేనే సమయం. తట్టును కంప్యూటరు కాళ్ళలో ఒకదానికి నేరుగా తీగతో కలపాలి. యూ.ఎస్.బీ. ద్వారా ఇస్తే కంప్యూటరు తీరిక చూసుకుని వింటుంది, మిల్లీ సెకను దాకా పోతుంది. వాక్యాన్నీ తట్టునూ కలిపి కంప్యూటరు గడియారాన్ని దిద్దే పనికి క్రోనీ అనే ప్రోగ్రాము ఉంది, ఉచితమే. అది గడియారాన్ని ఒక్కసారిగా లాగదు. ఈ పలుకు ఎంత వేగంగా, ఎంత నెమ్మదిగా నడుస్తోందో గమనించి, మెల్లమెల్లగా దారికి తెస్తుంది.

మొదటి తప్పు నేను ఇక్కడే చేశాను. వాక్యం ఆలస్యాన్ని సరిగ్గా లెక్కకట్టక, దాన్ని పక్క తట్టుకు అంటగట్టాను. గడియారం మైక్రో సెకన్ల దాకా సరిగ్గా, సరిగ్గా ఒక సెకను తప్పుగా నడిచింది! రెండు రోజులు నేను మురిసిపోయాను కూడా. జాతీయ భౌతిక ప్రయోగశాల వారి సర్వరును పక్కన పెట్టి పోల్చినప్పుడు గాని బయటపడలేదు.

రెండో తప్పు యాంటెన్నా. నీళ్ళ ట్యాంకు పక్కన, పిట్టగోడకు ఆనించి పెట్టాను. సంకేతం ఒకటి నేరుగా, ఇంకొకటి గోడకు కొట్టుకుని ఆలస్యంగా వచ్చేవి. తడబాటు వచ్చింది. మెట్ల గది పైకప్పు మీదికి, చుట్టూ ఆకాశం కనిపించే చోటికి మార్చాను. మూడో నాడు కోతులు వచ్చి తీగ పీకేశాయి. పైపులో దూర్చి మళ్ళీ వేశాను. అది మిద్దె మీద అన్నింటికంటే ఎత్తైన వస్తువు కాకుండా చూసుకోండి. మనకు ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వానలు ఎక్కువ. బాగేపల్లిలో నా మిత్రుడి ఇంటికి ఉత్తరాన పెద్ద గుట్ట ఉంది. ఆకాశం సగం కనిపించదని దిగులు పడ్డాడు. జీపీఎస్ ఉపగ్రహాలు మన ఉత్తరపు అంచున ఎలాగూ తక్కువే తిరుగుతాయి కాబట్టి ఆయనకు పెద్ద నష్టం కాలేదు. గుట్ట దక్షిణాన ఉంటే ఇబ్బందే.

మూడోది నా తప్పు కాదు, పాత రిసీవరుది. జీపీఎస్ గడియారం లీపు సెకన్లు కలుపుకోదు. భూమి తిరగడంలో ఆలస్యాన్ని సరిచేయడానికి ప్రపంచ సమయానికి అప్పుడప్పుడు ఒక సెకను కలుపుతూ వచ్చారు. చివరిసారి కలిపినది మనకు 2017 జనవరి 1 తెల్లవారుజామున. 5 గంటల 29 నిమిషాల 59 సెకన్ల తరువాత 60వ సెకను వచ్చి, ఆ తరువాతే అయిదున్నర అయింది. ఇప్పుడు రెండింటికీ తేడా 18 సెకన్లు. నా పాత రిసీవరు పుట్టిన నాటికి ఆ తేడా 15. అది ఆన్ చేయగానే పాత లెక్కతో 3 సెకన్లు ముందు చూపించేది. ఉపగ్రహం తన పూర్తి సమాచారాన్ని ఒక చుట్టు చెప్పడానికి పన్నెండున్నర నిమిషాలు తీసుకుంటుంది. అది విన్నాక ఉన్నట్టుండి సరిపోయేది. కాబట్టి కరెంటు పోయి వచ్చినప్పుడు పావుగంట దాకా దాని మాట నమ్మకూడదు. నేను దాన్ని ఇన్వర్టరుకు కలిపి పెట్టాను. 2035 నాటికి ఈ లీపు సెకన్ల పద్ధతినే వదిలేయాలని 2022లో ప్రపంచ కొలతల సమావేశం తీర్మానించింది.

ఇంత చేసినా ఒక్క గడియారాన్నే నమ్మకూడదు. రెండుంటే ఏది తప్పో తెలియదు, కనీసం మూడు కావాలి. నా పెట్టెకు ఉపగ్రహం ఒక సాక్షి. జాతీయ భౌతిక ప్రయోగశాల, నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరు సర్వర్లు మిగిలిన సాక్షులు. సంస్థలైతే కంప్యూటర్ల గడియారాలను ఆ సర్వర్లతో గాని, వాటి దాకా లెక్క చేరే వాటితో గాని కలపాలని భారత ప్రభుత్వపు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశమిచ్చింది. ఇంటర్నెట్టు తెగినప్పుడు ఆకాశం ఒక్కటే మిగులుతుంది, తిరిగి వచ్చినప్పుడు మిగతావాళ్ళు సాక్ష్యం చెబుతారు. అంతటితో మా ఇంటి లోపల అన్నీ సరిపోయాయి. తీగతో కలిపినవి మిల్లీ సెకనులో పదో వంతుకు కుదిరాయి. వైఫై మీద ఉన్నవి కాస్త అటూ ఇటూ. అది చాలు.

ఒక మాట మరిచాను. ఇప్పుడు మొబైలు ఫోనులో ఆకాశవాణి వినేవాళ్ళు ఆ పిప్ పిప్ శబ్దానికి గడియారం పెట్టుకోకండి. ఇంటర్నెట్టు మీద వచ్చే శబ్దం ఎన్నో సెకన్లు వెనకబడి వస్తుంది. మా నాయన కాలపు ట్రాన్సిస్టరే ఈ విషయంలో నయం.

తరువాత ఆ అంగడి యజమాని నా దగ్గరికి వచ్చారు. తన రికార్డరుకు కూడా సమయం ఇవ్వమన్నారు. మూడు మిద్దెల మీదుగా తీగ లాగాం. ఎదురింటివారు కూడా కలిశారు. రికార్డరులో సమయపు సర్వరు అన్న చోట నా పెట్టె చిరునామా రాసి, భారత సమయం అంటే అయిదున్నర గంటలు ముందన్న చోట గుర్తు పెట్టాం. ఆ గుర్తు పెట్టడం మరిచిపోతే అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది, చూసుకోండి. పని ముగిశాక యజమాని టీ తెప్పించారు. ఆ పిల్లవాడు ఇప్పుడు బాగేపల్లిలో ఒక మెకానిక్కు దగ్గర పని నేర్చుకుంటున్నాడని, తాను పోయి పిలిచినా రానన్నాడని చెప్పారు. రికార్డరు తెర మీద 6 గంటల 35 నిమిషాలు కనిపించింది. ఇద్దరం ఒకేసారి చూశాం, ఎవరమూ ఏమీ అనలేదు.